పోగు ముడి

“ఈ చైనా పిల్ల నాకొద్దు. మన నర్సును పిలవండి,” అంటూ బాపట్ల ఆసుపత్రిలో గాయమైన చేతిని కొంగులో దాచుకుంది రంగమణి. చీరాలలో నలభై ఏళ్ళుగా మగ్గం నేస్తున్న మనిషి.

“మాది మణిపూర్ అండి. బాపట్ల వచ్చి రెండేళ్ళయింది. పెద్ద నర్సు వచ్చేదాకా కట్టు మాత్రం కడతాను,” అంది నర్సు మేంచా.

నెత్తురు ఆగడం లేదు. రంగమణి మొహం తిప్పుకుని చెయ్యి ఇచ్చింది.

మేంచా కట్టు చివర్లు కలిపి ముడి వేసింది. రంగమణి ఆ ముడిని తడిమి చూసింది.

“తెగిన పోగును అతికే ముడి కదే ఇది. ఎవరు నేర్పారు?”

“మా అమ్మండి. మా ఊళ్ళో ఆడవాళ్ళే నేస్తారు.”

“మరి మగాళ్ళో?”

“నేసింది చూసి బాగుందంటారండి.”

“మా ఇంట్లోనూ అంతే,” అని నవ్వింది రంగమణి.

ఇంతలో పెద్ద నర్సు వచ్చింది. “నర్సును మార్చమన్నారంట కదా, పిన్నిగారూ?”

“ఎవరన్నారు?” రంగమణి రెండో చెయ్యి మేంచా వైపు చాపింది. “సూది కూడా మా పిల్లే వెయ్యాలి.”