చిరోటీల పిండి

కాకి దిగలేదు.

గోదావరి ఒడ్డున విస్తరిలో అన్నం, పప్పు, వడలు ఎండకు ఆరిపోతున్నాయి. పెట్టి గంట దాటింది. మామూలు రోజుల్లో చేతిలో రొట్టెను కూడా లాక్కుపోయే కాకులు ఆవేళ గట్టు మీద కూర్చుని చోద్యం చూస్తున్నాయి.

"మూడొద్దుల నాడు పిట్ట ముడ్తలేదంటే వదినె మనసుల ఏదో మిగిలినట్టే అన్నా," అంది రఖమాబాయి.

అనంతరాములు విస్తరి వైపే చూస్తూ కూర్చున్నాడు. భార్య భాగ్యవతి పోయినప్పటి నుంచీ ఆయన నోట మాట లేదు, కంట నీరూ లేదు.

"నా మీద కోపమే మిగిలింది అత్తా," అంది కూతురు సూర్యకుమారి. "శనివారం నేనే అమ్మను అనరాని మాటన్న. ఇగ నీ చేతి తిండి ముట్టనన్న."

పదిహేడేళ్ల పిల్ల. కాలేజీ స్నేహితురాళ్ల ముందు తల్లి తీపి పొరల చిరోటీల డబ్బా తెరిచి "తినుండ్రి బిడ్డా" అని వెంటపడిందని, వాళ్లు వెళ్లాక అంత మాట అనేసింది. తల్లి డబ్బాకు మూత పెట్టి లోపలికి పోయింది. మర్నాడు తెల్లవారుతూనే నల్లా దగ్గర కూలబడి, మళ్లీ లేవలేదు. ఆ మాటను వెనక్కి తీసుకునే వీలు పిల్లకు దొరకలేదు. అప్పటి నుంచి మెతుకు ముట్టడం లేదు. ఎవరు బతిమాలినా ఒకటే జవాబు: "అమ్మ కోపం పోనియ్యుండ్రి, తింట."

పక్క క్వార్టరు వత్సల అంతవరకూ వెనకే నిలబడి ఉంది; సూర్యకుమారి ఆమెను మరాఠీలో 'కాకూ', అంటే పిన్నీ, అని పిలుస్తుంది. ఇప్పుడు ముందుకొచ్చింది.

"అగ సూర్యా, కోపమెక్కడిది? శనివారం మాపటికి మీ అమ్మ పిండి కలిపి నా ఫ్రిజ్‌ల పెట్టి పోయింది."

సూర్యకుమారి తలెత్తింది. "నేను గంత మాట అన్నంక గూడనా?"

"అన్నంకనే. పిల్ల ఎంతసేపు అలుగుతది, పొద్దుగాల తింటది అనుకుంట పోయింది. ఈ గడబిడల నాకే యాదికి లేదు."

1981లో ఆ రైల్వే క్వార్టర్ల వరుస మొత్తానికి అదొక్కటే ఫ్రిజ్. పేరుకు వత్సలది, లోపల సగం గిన్నెలు ఇరుగుపొరుగువి. శనివారం సాయంత్రం భాగ్యవతి మైదాపిండి కలిపి అందులో పెట్టడం, ఆదివారం పొద్దున చాయ్‌లోకి చిరోటీలు వేయించడం ఏళ్లుగా ఉన్నదే. ఆమెకు ఆ చిరోటీలు నేర్పింది కూడా వత్సలే.

"మీరు స్నానాలు కానియ్యుండ్రి. నేను ముందు పోయి పొయ్యి ముట్టిస్త," అని వత్సల రిక్షా ఎక్కింది.

గంట తర్వాత సూర్యకుమారి తడి జుట్టుతో వచ్చి వత్సల ఇంటి గడప దగ్గర ఆగిపోయింది.

"మైల కదా కాకూ, లోపటికి ఎట్ల రావాలె?"

"నా వంటింట్ల నీకేం మైల? రా."

ఫ్రిజ్‌లోంచి భాగ్యవతి పేరు చెక్కిన స్టీలు గిన్నె తీసింది వత్సల. మూత కింద చల్లటి పిండిముద్ద, దాని మీద నాలుగు వేళ్ల గుర్తులు. సూర్యకుమారి తన వేళ్లు వాటిలో పెట్టి చూసుకుంది. గిన్నెను గుండెకు హత్తుకుని బావురుమంది. చూడలేక వత్సల పొయ్యి వైపు తిరిగింది.

"మూడొద్దులాయె, పులువలేదా కాకూ?"

"ఫ్రిజ్ ఎందుకున్నది మరి? కానియ్యి, అక్కడ మీ నాయిన ఎండల కూసున్నడు."

ఇద్దరూ పల్చగా రొట్టెలు ఒత్తారు. నెయ్యి, బియ్యప్పిండి రాసి, ఒకదానిపై ఒకటి పేర్చి, చాపలా చుట్టి, ముక్కలు కోసి, మళ్లీ ఒత్తి నూనెలో వేశారు. పొరలు విచ్చుకున్నాయి. పైన చక్కెర పొడి చల్లి, వేడి ఆరకముందే గట్టుకు తెచ్చారు.

విస్తరిలో పెట్టి నాలుగడుగులు వెనక్కి వేశారో లేదో, ఒక కాకి వాలి ముక్క ఎత్తుకుపోయింది. అనంతరాములు కండువా మొహానికి అడ్డం పెట్టుకుని మొదటిసారి ఏడ్చాడు.

"చూస్తివా బిడ్డా, మీ అమ్మ మనసుల ఏం లేదు. ఇగ తిను," అంది రఖమాబాయి.

సూర్యకుమారి ఒక చిరోటీ కొరికి, కళ్లు మూసుకుని నమిలింది.

"అచ్చం అమ్మ చెయ్యే," అంది. ఆకలి అప్పుడు తెలిసొచ్చినట్టుంది, ఇంకో రెండు తిన్నది. తర్వాత వత్సల భుజం మీద వాలిపోయింది. "అమ్మ నన్ను మాఫ్ చేసింది కాకూ. నువ్వు చెప్పకపోతే నేను బతుకకపోతుంటి."

వత్సల ఆమె తల నిమురుతూ ఉండిపోయింది.

ఆ శనివారం భాగ్యవతి పిండి కలపనే లేదు.