పక్కవారి ముక్కు

“మళ్ళీ కొట్టుకున్నారా సార్?”

సీనియర్ టేస్టర్ ముక్కు స్ప్రేని చటుక్కున కోటు జేబులోకి తోసేశాడు. బల్ల మీద పద్దెనిమిది కప్పుల టీ వరుసగా పొగలు కక్కుతోంది. ఆ పొగలో అతడికి వేడి తప్ప మరేమీ తగలడం లేదు.

“జలుబమ్మా. తగ్గేదాకా వాడొద్దా?”

“పదిహేను రోజులుగానా? మూడు రోజులు దాటితే ఆ మందే లోపల వాపు తెస్తుంది సార్. ముక్కు ఇంకా బిగుస్తుంది, మీరు ఇంకా కొడతారు. అది ఆపేసి ఉప్పునీటి చుక్కలు వేసుకోండి. డాక్టరుకు చూపించండి.”

“ఎవరు చెప్పారు నీకు?”

“తెలుసు, అంతే,” అని జూనియర్ మాట తుంచేసింది.

తెలియకేం! వచ్చే నెల చీఫ్ టేస్టర్ కుర్చీ ఖాళీ అవుతోంది. పోటీలో ఉన్నది వీళ్ళిద్దరే. మేనేజరు చెవిన వేయడానికే ఈ కూపీ అనుకున్నాడతడు. ఇరవై రెండేళ్ళు తంటాలు పడి తాను నేర్చిన విద్య ఈ పిల్లకు నాలుగేళ్ళలో ఎలా పట్టుబడింది? చెంచాతో జుర్రుతుంది, తొట్టిలో ఉమ్ముతుంది, క్షణమైనా తటపటాయించకుండా చీటీలో అంకె వేస్తుంది. చూస్తుంటే అతడికి కడుపు భగ్గుమనేది. అయినా రెండు వారాలుగా ఆ చీటీనే ఓరకంట చూసి, అవే అంకెలు తన చీటీలోకి దించుకుంటున్నాడు. ఏ ముక్కును చూసి కుళ్ళుకుంటున్నాడో దాన్నే అరువు తెచ్చుకోవలసిన గతి పట్టింది.

మేనేజరు చీటీలు పట్టుకుని లోపలికి వచ్చాడు. “శభాష్! ఇద్దరి మార్కులూ అచ్చు గుద్దినట్టున్నాయి. ఇలాగైతే ఎవర్ని ఎంచమంటారు? రేపు చెరో గదిలో కూర్చోండి, తేలిపోతుంది.”

మేనేజరు వెళ్ళగానే సీనియర్ తలుపు దగ్గరగా వేశాడు. రేపు బూజుపట్టిన సరుకును మేలురకమని రాస్తే, ఇరవై రెండేళ్ళ పేరు ఒక్కపూటలో గంగలో కలుస్తుంది. అభిమానం చంపుకుని నోరు విప్పాడు.

“కుర్చీ నువ్వే తీసుకో అమ్మాయ్. నాకు వాసన తెలిసి రెండు వారాలైంది. నీ చీటీ చూసే మార్కులు వేస్తున్నాను. నీ ముక్కంటే నాకు ఒళ్ళంతా అసూయే, ఒప్పుకుంటున్నాను.”

“నా చీటీ చూసా?”

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. తలుపు మూసి ఉందో లేదో ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించింది.

“నాకు వాసన తెలిసి నెలైంది సార్.”