ఎవరి బుజ్జి?

తెరలో కనబడే ఊపిరి తన బిడ్డది కాకపోతే? నూకరత్నానికి అన్నిటికన్నా అదే పెద్ద భయం.

బల్ల మీది కంప్యూటరు నుంచి పసిపిల్లల ఉయ్యాల దాకా తీగలన్నీ పోయి, అంతా గాలిలోనే జతపడుతున్న రోజులవి. గాజువాకలో నూకరత్నం ఉండే అపార్టుమెంటులో దారప్పోగంత తీగ కూడా మిగల్లేదు.

ఆమె పప్పుకి తాలింపు పెడుతుండగా, ఉయ్యాలలోని బిడ్డ ఊపిరిని చూపించే వంటింటి తెర ఎర్రబడి, "బుజ్జికి ఊపిరి అందడం లేదు" అని అరిచింది. గరిటె పడేసి పరుగెత్తింది. ఉయ్యాలలో ఆమె బిడ్డ గుప్పిట చప్పరిస్తూ హాయిగా ఉంది. తెర మాత్రం అరుపు మానలేదు.

బారసాల అయ్యేదాకా ఏ ఇంట్లోనైనా బిడ్డ పేరు బుజ్జే కదా! ఆ పేరే చూసి ఆమె తెర ఇంకెవరి బుజ్జి ఉయ్యాలతోనో జతకట్టేసింది.

బిడ్డను భుజాన వేసుకుని అపార్టుమెంటు సెక్రటరీ అప్పల్రాజు దగ్గరికి ఉరికింది.

"ఇది ఎవులింటి బుజ్జి బాబూ? వేగిరం సెప్పండి!"

"గాల్లో వచ్చిందానికి ఏ ఇల్లని సెప్పగలను తల్లీ? కంగారు పడకు, అదే సర్దుకుంటాది."

"సర్దుకుంటాదా! తీగుంటే దాన్నే పట్టుకుని ఆ ఉయ్యాల కాడికి పోదును కదా! అందంగా లేవని పీకించేసినారు. ఇప్పుడా తల్లికి ఏటి సెప్తారు?"

ఆమె ఒక్కొక్క తలుపే బాదుతోంది. ఆ తల్లి ఏ వంటింట్లోనో నూకరత్నం బిడ్డ ఊపిరిని తన బిడ్డదేననుకుని చూసుకుంటూ నిశ్చింతగా ఉండి ఉంటుంది. మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ పేరు పెట్టని బిడ్డ ఉంటే, తెర చూసి ఊరుకోకండి. ఇప్పుడే వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడండి.