తెల్లమచ్చ

టికెట్ తీసుకుని రాణీబాగ్‌లో అడుగు పెట్టగానే గుర్వయ్య కళ్లు కుక్క కోసం వెతికాయి.

ఎప్పుడో రాజులు వేయించిన తోట అది. బారులు తీరిన మామిడిచెట్లు, మెట్లు మెట్లుగా దిగే పూలమడులు, నడుమ రాతి ఫౌంటెన్. చూడ్డానికి హైదరాబాద్ నుంచి కూడా వస్తారు. దాని గోడ అవతలే నలభై ఏళ్లు గొర్రెలు కాసిన గుర్వయ్య మాత్రం ఎన్నడూ లోపలికి రాలేదు. ఇప్పుడు వచ్చిందీ పూల కోసం కాదు.

కుక్క ఫౌంటెన్ పక్కన పడుకుని ఉంది. నల్లది. ఎదమీద తెల్లమచ్చ. మనవరాలు సుస్మిత చెప్పిన గుర్తు అదే. రెండు వందల గొర్రెల్లో దేని మొహం ఏదో చెప్పగలవాడికి ఒక్క కుక్కను గుర్తుపట్టడం ఎంత పని?

నిన్న, గురువారం సాయంత్రం, అది గోడ సందులోంచి వచ్చి సుస్మిత పిక్క పట్టుకుంది. ఏడేళ్ల పిల్ల. తండ్రి శివకృష్ణ మందతో హుజూర్‌నగర్ వైపు పోయి ఉన్నాడు. ఇంట్లో గుర్వయ్య మాటే మాట.

“దవాఖానకు తీస్కపోదాం మామా, సూదులేపిద్దాం,” అంది కోడలు నాగరాణి.

“బొడ్డు సుట్టు పద్నాలుగు సూదులు! పసిది తట్టుకుంటదా?”

“ఇప్పుడు గట్ల లేదట. చేతికే ఏస్తున్నరట.”

“నువ్వు జూసినవా? కరిసిన కుక్క పది దినాలు బతికితే ఫికర్ లేదు. మా బాపు గిట్లనే జూసిండు. నేను రోజు పోయి జూసొస్త. దానికేమన్న అయితే గప్పుడే పోదాం.”

పెద్దల మాట చద్దిమూట అంటారు. విప్పి వాసన చూసే ధైర్యం ఏ కోడలికుంటుంది?

కరిచిందని తెలిస్తే తోటవాళ్లు కుక్కను కొట్టి చంపేస్తారు. అది చస్తే ఇక పది రోజులు చూసేదేమిటి? అందుకని గుర్వయ్య వాచ్‌మన్ సైదులుకు అసలు సంగతి చెప్పలేదు.

“కుక్క మంచిగుంటాందా? తింటాందా?” అని మాత్రం అడిగాడు. జొన్నరొట్టె తుంచి వేశాడు. అది తిని, మామిడిచెట్ల కింద అతని వెంటే నడిచింది.

శనివారం కూడా నడిచింది. ఆదివారం సగం రొట్టె వదిలేసి మెట్ల నీడలో పడుకుంది. ఎండకేమో అనుకున్నాడు. ఇంటికొచ్చి పిల్ల నుదురు పట్టి చూశాడు.

సోమవారం తోటకు సెలవు. గేటు ఊచల్లోంచి ఎంత చూసినా కుక్క కనపడలేదు. గుర్వయ్యకు ముద్ద దిగలేదు.

“రేపు గనుక అది కండ్లవడకపోతే పిల్లను దవాఖానకు తీస్కపోదాం బిడ్డా,” అన్నాడు. నాగరాణి అప్పుడే పిల్ల బట్టలు సంచిలో సర్దింది.

మంగళవారం గేటు తీయకముందే వెళ్లి నిలబడ్డాడు. తీయగానే కుక్క తోక ఊపుకుంటూ ఎదురొచ్చింది. ఎదమీద తెల్లమచ్చ. రొట్టె మొత్తం తినేసి ఇంకా కావాలన్నట్టు చూసింది. గుర్వయ్యకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

“నిన్న కండ్లవడలే?”

“సెలవు గద తాతా, ఏడనో పండి ఉంటది,” అన్నాడు సైదులు, గేటు గొళ్లెం సవరిస్తూ.

నాగరాణి సంచిలోని బట్టలు తీసి మళ్లీ దండెం మీద వేసింది.

ఆ తర్వాత భయం రోజుకింత తగ్గింది. కుక్క రోజుకింత ఒళ్లు చేసింది. పదో రోజు ఆదివారం. తోటంతా జనం. కుక్క పిల్లల వెంట గంతులేస్తోంది. గుర్వయ్య దాన్ని దగ్గరకు లాక్కుని, ఫౌంటెన్ గట్టు మీద కూర్చుని ఏడ్చేశాడు. అక్కడి నుంచే నాగరాణికి ఫోన్ చేశాడు.

“పది దినాలయినయ్ బిడ్డా. గిదో, గుర్రం లెక్క ఉరుకుతాంది. ఇగ దవాఖాన ముచ్చట మర్సిపో.”

పోతూ పోతూ సైదులు చేతులు పట్టుకున్నాడు. “నీ పుణ్యమే బిడ్డా, దాన్ని మంచిగ జూసుకున్నవ్.”

సైదులు తల వంచుకున్నాడు. ఆకులు ఊడుస్తున్న అతని భార్య జంగమ్మ చీపురు ఆపింది.

“గా తాత ఎందుకట్ల ఏడుస్తాండు?”

సైదులు గుర్వయ్య గేటు దాటేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు.

“గాయనకు ఆ కుక్కంటే పాణమే, సోమారం పొద్దుగాలనే అది సచ్చిపోయిందంటే తట్టుకోడని, దాని తోడవుట్టినదాన్ని తెచ్చి ఇడిసిన.”