జర వదులు చెయ్యి

"చుట్టూ పీపా లేని ఈ పల్చటి డ్రమ్ము గిట్లనే అప్పడం లెక్క టప్పుమంటది. రేపు ఖానాపూర్ చర్చిల వాయిస్తే మామ ముందట నా ఇజ్జత్ పోతది!" అంటూ జోయల్ డ్రమ్ము మీది పొరను ఇంకా బిగించాడు. ఒంటిగది కాపురానికి సరిపోతుందని ముచ్చటపడి కొన్న చిన్న డ్రమ్ముల సెట్టు అది.

కొత్త పెళ్లికూతురు క్యాథరిన్‌కు నవ్వొచ్చింది. "బిగిస్తే బాస్ వస్తదా?"

"తాత డప్పును మంటకు కాచి బిగిస్తే ఊరంత మోగేది."

"గది డప్పు, ఇది డ్రమ్ము. జరుగు." ఆమె పొర ముడతలు పడేదాకా మరలన్నీ వదులు చేసి, మళ్లీ కొంచెమే తిప్పింది. "ఇప్పుడు పెడల్ తొక్కు."

ధమ్! గూట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి.

"ఇన్నొద్దులు నేనే బిగించి పాడుచేసిన్నా?"

"భయమైతే బిగిస్తవ్. పెళ్లినాడు నా చెయ్యి కూడ గట్లనే పట్టినవ్. బాపు చూసి, 'పిలగాడు మంచోడే, జర వదులైతే సాలు' అన్నడు."

"మామ మంచోడన్నడా?"

జోయల్ బిగిసిన భుజాలు వదులయ్యాయి. పెడల్ మళ్లీ తొక్కాడు. గ్లాసులు మళ్లీ గలగలమన్నాయి.