కొలను గుర్తుపట్టిన చెయ్యి

హైమ పెరటి కొలనులో నాచు తీస్తోంది. ఇప్పుడు ఊళ్ళో ప్రతి ఇంటికీ ఇలాంటి కొలనే నీళ్ళిస్తుంది. మొదట ఎవరి చెయ్యి తగిలితే వాళ్ళనే యజమానిగా గుర్తుపెట్టుకుంటుంది. రోజూ ఆ చెయ్యి ముంచితేనే కుళాయిల్లోకి నీళ్ళు వదులుతుంది. కట్టించిన రోజున అత్తగారు ముచ్చటపడి, కొత్త కోడలి చేత అందులో పసుపు కలిపించింది. అప్పటినుంచి హైమ ఒక్క రాత్రి కూడా ఇల్లు వదల్లేదు.

"అత్తయ్యా, చెల్లికి నొప్పులొచ్చాయట. నాలుగు రోజులు వెళ్ళొస్తాను."

"మేం నోరెండి చావాలా? ఆసుపత్రిలో మరమనుషులే పురుడు పోస్తున్నారుగా!"

"చెయ్యి పట్టుకోడానికి నేను కావాలట."

"ఆ చెయ్యే మాకూ కావాలే తల్లీ. నాచు బాగా తియ్యి, నీళ్ళు వాసనొస్తున్నాయి."

హైమ ఇంట్లో ఉన్న బిందెలూ గంగాళాలూ అన్నీ నింపి మూతలు పెట్టింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుని, చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది.