రెప్పపాటు తూకం

మానవ నాగరికత ఎంత ఎత్తుకు ఎదిగిందో తెలుసుకోవాలంటే తూకం చీటీ ఎంత త్వరగా బయటికి వస్తున్నదో చూస్తే చాలునని, బోధన్ శివారు రైస్‌మిల్లులో భానుప్రసాద్ గంభీరంగా ప్రకటించాడు. ఆయన కొత్త డేటాబేస్ అమ్మడానికి నిజామాబాదు నుంచి వేంచేసినవాడు. ఎదుట వడ్ల ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి.

మిల్లు యజమాని చెంచురామయ్యకు నమ్మకం కుదరలేదు.

“వంద రెట్లు వేగం అంటున్నారు. ఎవరికంటేనండీ?”

“మిగతా అందరికంటే సార్.”

“వాళ్ళ పేర్లేవిటి?”

“చెప్పకూడదు సార్. ఒప్పందం.”

“పోనీ, పరీక్ష పెట్టిందెవరు?”

“మేమే. మా సరుకు మీద బయటివాళ్ళకు అంత శ్రద్ధ ఎక్కడుంటుంది సార్?”

పాతది అమ్మినవాడు కూడా నిరుడు ఈ రాగమే తీశాడు. అందుకని చెంచురామయ్య, ముత్యం ట్రాక్టరును కాటా మీదికి ఎక్కించి రెండింటికీ పోటీ పెట్టించాడు.

కాటా చూసే సిద్దిరాములు గదిలో యజమాని పక్కన కూర్చుని ముందు పాతదాన్ని నడిపాడు. అది దీర్ఘ తపస్సు చేసి ఒక చీటీని ప్రసాదించింది. పిమ్మట భానుప్రసాద్ తన యంత్రాన్ని తగిలించి, బయట రైతులందరికీ కనబడేలా ట్రాక్టరు పక్కకు వచ్చి, పట్టాభిషేకానికి ముహూర్తం చూసిన పురోహితుడిలా చేయెత్తాడు. రెప్పపాటులో చీటీ వచ్చింది.

అందులో బరువు డెబ్బై ఎనిమిది కిలోలు ఎక్కువగా ఉంది.

భానుప్రసాద్ ఒక్క క్షణం తబ్బిబ్బై, వెంటనే తేరుకున్నాడు. “చూశారా సార్. మా డేటాబేస్‌లో ఒక్క గింజ జారదు.”

“తూచేది కాటా కదయ్యా. మధ్యలో మీదేవిటి?”

“కాటా చెప్పేది పాతది పూర్తిగా వినదు సార్.”

ముత్యం ముఖం ఎర్రబడింది. “అంటే సేటూ, గిన్ని దినాలు నా వడ్లు గా డబ్బ మింగిందా?”

“మనయి గూడ మింగే ఉంటది,” అన్నాడు వెనక బండి నుంచి బాపురావు. “తిప్పుండ్రి బండ్లు. పక్క మిల్లుకు పోదాం.”

ఇంజన్లు ఒకటొకటిగా మోగసాగాయి. ఒక్క బండి గేటు దాటినా సీజను వడ్లతో పాటు పరువు కూడా దాటిపోతుంది. చెంచురామయ్య కొనుగోలు కాగితం కిటికీ లోపలికి లాక్కుని, చదవకుండానే సంతకం చేసి, బయట నిలబడ్డ భానుప్రసాద్ చేతిలో పెట్టాడు. రైతులు చప్పట్లు చరిచారు.

“ఇప్పుడు ఈమాన్‌దార్ మిషనొచ్చింది,” అంటూ ముత్యం తన ట్రాక్టరును కాటా దింపి ముందుకు పోనిచ్చాడు.

తెర మీద అంకె మాత్రం సున్నాకు రాలేదు. డెబ్బై ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

సిద్దిరాములు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“సార్, మీరు గూడ జర కాటా దిగుండ్రి. ఇంకో బండి ఎక్కాలె.”